మూడు స్వరాల్లో మనోధర్మం: నలభై ఎనిమిదేళ్లకు వీణ పట్టిన ఒక శిష్యురాలి కేస్ స్టడీ

శిష్యురాలి వయసు నలభై ఎనిమిది. వృత్తి ప్రూఫ్ రీడింగ్. ఇంతకు ముందు ఒకసారి వీణ మొదలుపెట్టి, సరళీ వరుసల (మొట్టమొదటి స్వర పాఠాల) దగ్గరే చాలాకాలం ఉండిపోయి మానేశారు. మళ్లీ నేర్చుకోవాలని నా దగ్గరికి వచ్చినప్పుడు ఆమె చెప్పిన కోరిక చిన్నదే, కానీ నేను రోజూ వినేది కాదు: "కచేరీ చేయాలని లేదు మాస్టారూ. నా అంతట నేను ఒక నాలుగు స్వరాలు అల్లుకోగలిగితే చాలు." ఆ వెంటనే, "అది ఇప్పుడప్పుడే కుదిరే పని కాదని తెలుసు. ముందు బేసిక్స్ అంతా అవ్వాలి కదా" అని తనే సర్దిచెప్పుకున్నారు.

ఆ రెండో మాటను నేను ఒప్పుకోలేదు. ఈ కేసు రాయడానికి కారణం కూడా అదే. పెద్దవయసులో వాద్యం నేర్చుకునేవాళ్లకు సొంతంగా అల్లే పని, అంటే మనోధర్మం, మొదటి నెలల్లోనే ఇవ్వాలని నా అభిప్రాయం. కాకపోతే దాని హద్దు చాలా చిన్నదిగా ఉండాలి. ఆమె అనుమతితో, ఎవరో గుర్తుపట్టే వివరాలు తీసేసి ఇక్కడ రాస్తున్నాను.

మొదటి క్లాసుల్లో చూసింది

చెవి బాగుంది. శ్రుతి తప్పితే వెంటనే మొహంలో తెలిసిపోయేది. చెయ్యి మాత్రం చెవికి చాలా వెనక ఉంది. పెద్దవాళ్లలో నేను ఎక్కువగా చూసేది ఇదే. పదేళ్ల పిల్లకు చెవీ చెయ్యీ కలిసే ఎదుగుతాయి కాబట్టి తన వాయింపు తనకు బాగానే వినిపిస్తుంది. నలభై ఏళ్లు మంచి సంగీతం విన్న మనిషికి తన మొదటి స్వరం వినగానే ప్రాణం ఉసూరుమంటుంది. "వయసైపోయింది, ఇక రాదు" అని చాలామంది అనేది ఆ క్షణంలోనే. నిజానికి అక్కడ తెలుస్తున్నది వాళ్ల చెవి ఎంత ఎదిగిందనేది. దాన్ని చేతకానితనం కింద లెక్కేసుకుంటారు.

చేతిలో చూసినవి కొన్ని చెబుతాను. ఒక మెట్టు (వీణ మీద స్వరస్థానం చూపే అడ్డపట్టీ) నుంచి ఇంకో మెట్టుకు వెళ్లేటప్పుడు ఎడమచేతి వేలు తీగ మీద నుంచి పూర్తిగా లేచిపోయేది. దాంతో స్వరానికీ స్వరానికీ మధ్య శబ్దం తెగిపోయి ముక్కలు ముక్కలుగా వినిపించేది. వేలు మెట్టుకు కాస్త వెనకగా ఆనాల్సింది పోయి రెండు మెట్ల నడుమ ఎక్కడో పడేది, అప్పుడు తీగ జీరగా పలికేది. బొటనవేలు దండిని (వీణ మెడను) గట్టిగా పట్టేసుకోవడంతో మణికట్టు బిగుసుకుపోయేది. కుడిచేతి మీటు మాత్రం ఫర్వాలేదు.

అసలు ఇబ్బంది వేళ్లలో లేదు. ఒక స్వరం తప్పు పడితే ఆగిపోయేవారు. ఆగి, వరుసను మళ్లీ మొదటి నుంచి ఎత్తుకునేవారు. మళ్లీ తప్పు, మళ్లీ మొదలు. పొద్దంతా పేజీల్లో తప్పులు వెతికి పట్టుకోవడం ఆమె ఉద్యోగం. తప్పు కనిపిస్తే దాటి వెళ్లకూడదని ఇరవై ఏళ్లుగా కన్ను నేర్చుకుంది. వీణ దగ్గర కూర్చున్నా ఆ అలవాటు వదల్లేదు. ఇలా సాధన చేస్తే ఏమవుతుందో ఆలోచించండి. వరుసలో మొదటి సగం లెక్కలేనన్ని సార్లు చేతిలో తిరుగుతుంది, చివరి సగానికి అవకాశమే రాదు. పైగా "తప్పు పడగానే ఆగడం" కూడా ఒక పాఠంలా చేతికి పట్టేస్తుంది. కావాలని సాధన చేసినట్టే అది రోజురోజుకూ గట్టిపడుతుంది.

ఇంకో భయం కూడా ఉంది. పది వేల గంటలు సాధన చేస్తే తప్ప ఏదీ రాదని ఎక్కడో చదివారట. రోజుకు అరగంట చొప్పున లెక్క వేసుకుంటే యాభై ఏళ్లు దాటుతోందని దిగులుపడ్డారు. ఆ అంకె ఎక్కడి నుంచి వచ్చిందో చెప్పాను. 1993లో అండర్స్ ఎరిక్‌సన్, మరో ఇద్దరు పరిశోధకులు బెర్లిన్‌లోని సంగీత విద్యాలయంలో వయొలిన్ విద్యార్థులను పరిశీలించారు. వారిలో అందరికంటే బాగా వాయించేవాళ్లు ఇరవై ఏళ్ల వయసుకి సగటున దాదాపు పది వేల గంటలు ఒంటరిగా సాధన చేసినట్టు తేలింది. అంటే అది చిన్నప్పుడే మొదలుపెట్టి, వాయించడమే వృత్తిగా ఎంచుకున్నవాళ్ల లెక్క, అది కూడా సగటు. మోహన రాగంలో నాలుగు స్వరాలు అల్లుకోవాలనుకునే మనిషికి ఆ లెక్కతో పనే లేదు. ఈ మాట విన్నాక ఆమె టెన్షన్ సగం తగ్గిందని అనుకుంటున్నాను.

సాధనను రెండుగా విడదీయడం

రోజుకు అరగంట. సెలవు రోజు కదా అని మూడు గంటలు కూర్చోవద్దని గట్టిగా చెప్పాను. చేతికి కొత్త పని నేర్పేటప్పుడు రోజూ కొంచెం చేసి, మధ్యలో నిద్ర పడనిస్తేనే బాగా పడుతుంది. పెద్దవాళ్లకు దీంట్లో ఇంకో లాభం కూడా ఉంది. మొదటి నెలల్లో తీగ ఒత్తిడికి వేలి కొసల మీద గాట్లు పడతాయి, వాటికి కాస్త విరామం దొరుకుతుంది. తీగ మీద వేలు సాఫీగా జారడానికి కొద్దిగా కొబ్బరినూనె రాసుకోవడం వీణ వాయించే అందరికీ తెలిసిందే. ఆమెకు అదీ కొత్త.

అరగంటలో మొదటి ఇరవై నిమిషాలు పాఠానికి. మాయామాళవగౌళ రాగంలో సరళీ వరుసలు, జంట వరుసలు (ఒక్కో స్వరాన్ని రెండేసి సార్లు మీటే పాఠాలు). చాలామంది పెద్దవాళ్లు వీటిని చిన్నపిల్లల పాఠంలా చూసి త్వరగా దాటేయాలనుకుంటారు. నేను వాళ్లకు ఆ రాగం వీణ మీద ఎలా కూర్చుందో చూపిస్తాను. సారణి తీగను (ప్రధానంగా వాయించే మొదటి తీగను) వేలు పెట్టకుండా మీటితే షడ్జమం (స). తర్వాత ఒకటో మెట్టు రి, నాలుగో మెట్టు గ, ఐదో మెట్టు మ. ఏడో మెట్టు ప, ఎనిమిది ద, పదకొండు ని, పన్నెండు పై షడ్జమం. స-రి-గ-మ మధ్య ఎంత దూరాలున్నాయో ప-ద-ని-స మధ్య అన్నే మెట్ల దూరాలు. పైకి వెళ్లేకొద్దీ మెట్లు దగ్గరవుతాయి కాబట్టి చెయ్యి కాస్త కుదించుకోవాలి, అంతే. రాగం సగం నేర్చుకుంటే మిగతా సగానికి దారి తెలిసినట్టే. పురందరదాసు పేరుతో మనకు వచ్చిన ఈ పాఠక్రమంలో మొదటి రాగంగా దీన్ని ఎందుకు పెట్టారో వీణ మీద చూస్తే చక్కగా అర్థమవుతుంది. ఆమెకు ఇది నచ్చింది. కారణం తెలిశాక పాఠం మీద విసుగు తగ్గడం పెద్దవాళ్లలో ఉన్న మంచి గుణం. టీచర్లు దీన్ని వాడుకోవాలి.

మిగిలిన పది నిమిషాలు సొంతానికి. మోహన రాగంలో స, రి, గ మూడే స్వరాలు. సారణి మీద వదిలిన తీగ, రెండో మెట్టు, నాలుగో మెట్టు. ఎనిమిది అక్షరాల ఆది తాళం, మొదటి కాలంలో (అక్షరానికి ఒక స్వరం చొప్పున) రెండు ఆవర్తనాలు (తాళం చుట్లు). అంటే పదహారు అక్షరాలు. నియమాలు మూడు:

ఆగకూడదు. తప్పు పడ్డా తాళం పోతూనే ఉండాలి.
చివరికి షడ్జమం మీద వాలాలి.
నోటితో పాడలేనిది వాయించకూడదు.

మూడో నియమం గురించి కొంచెం చెప్పాలి. వేళ్లను వాటి మానాన వదిలితే అవి అలవాటైన మెట్ల మీదే తిరుగుతాయి. ముందు పాడి తర్వాత వాయిస్తే ఆలోచన చెవిలో పుట్టి చేతికి వస్తుంది. గొంతు బాగుందా లేదా అన్నది ఇక్కడ లెక్కలోకి రాదు. ఆమె "నాకు పాడటం రాదు" అన్నారు. స్వరం పలికితే చాలు, పాట అక్కర్లేదని చెప్పాను. చెవికీ చేతికీ మధ్య ఉన్న దూరం తగ్గడానికి దీన్ని మించిన మార్గం నాకు తెలియదు.

మూడే స్వరాలు ఎందుకంటే, ఏడు స్వరాలూ ఇచ్చి "నీ ఇష్టం వచ్చింది వాయించు" అంటే పెద్దవాళ్లు బిగుసుకుపోతారు. ఎంపికలు ఎక్కువయ్యేకొద్దీ తప్పు పడుతుందన్న భయమూ పెరుగుతుంది. మోహనంలో ఈ మూడు స్వరాల్లో ఏది ఏ వరుసలో మీటినా చెవికి ఇంపుగానే ఉంటుంది. అలా తప్పుకు చోటు తగ్గిపోతే, ఏం అనాలన్న దాని మీద మనసు పెట్టొచ్చు.

ఆగకుండా ఉండటం

మొదట్లో ఈ పది నిమిషాలే ఆమెకు అన్నిటికంటే కష్టమయ్యాయి. పాఠం వాయించమంటే వాయించేవారు. సొంతంగా అనగానే మూడు స్వరాల తర్వాత చెయ్యి ఆగిపోయేది. "ఇది సరైనదేనా?" అని నా వైపు చూసేవారు. నేను తాళం వేస్తూ ఉండిపోయేవాణ్ని. జవాబు చెప్తే మళ్లీ దిద్దుబాటు మొదలవుతుంది.

ఇక్కడ ఆమెకు ఉపయోగపడిన ఒక పరిశోధన ఉంది. 2008లో చార్ల్స్ లిమ్, అలెన్ బ్రాన్ జాజ్ పియానో వాద్యకారులను మెదడు స్కానర్‌లో పడుకోబెట్టి వాళ్ల చేత చిన్న కీబోర్డు వాయింపజేశారు. ముందే నేర్చుకున్నది వాయించేటప్పటితో పోలిస్తే, అప్పటికప్పుడు అల్లుతున్నప్పుడు, తమను తాము కనిపెట్టుకుని సరిదిద్దుకునే పనితో సంబంధమున్న ముందు మెదడు భాగాల్లో కొన్నిటి చురుకుదనం తగ్గింది. వాళ్లు బాగా సాధన ఉన్న వాద్యకారులు, కొత్తగా నేర్చుకునేవాళ్లకు అంతా అలాగే జరుగుతుందని నేను అనను. కానీ దిద్దడం, అల్లడం రెండు వేరు పనులనీ, రెండూ ఒకే నిమిషంలో చేయాలని చూస్తే రెండూ చెడతాయనీ ఆమెకు అర్థం కావడానికి అది సాయపడింది. ఇక అప్పటి నుంచి దిద్దడానికి వేరే సమయం పెట్టుకున్నాం. పది నిమిషాల వాయింపును ఫోన్‌లో రికార్డు చేసి, మర్నాడు వినాలి. వాయించేటప్పుడు ప్రూఫ్ రీడర్‌కు సెలవు, వినేటప్పుడు డ్యూటీ.

రికార్డింగు వినడం ఆమెకు మొదట బాధగా ఉన్నా, మలుపు దాని నుంచే వచ్చింది. ఒకరోజు క్లాసుకు వస్తూనే, "మాస్టారూ, వాక్యాలన్నీ ఒకే పొడవున ఉంటే ఆ పేజీ ఎవరికీ చదవబుద్ధి కాదు. నా వాయింపు అచ్చం అలాగే ఉంది" అన్నారు. విన్నాను. నిజమే. స రి గ రి, స రి గ రి, గ రి స రి అంటూ నాలుగేసి అక్షరాల ముక్కలు వరసపెట్టి వస్తున్నాయి. స్వరాలు మారుతున్నాయి కానీ పొడవు మారడం లేదు. నేను ఈ మాట ఇంకో నెల తర్వాత చెబుదామనుకున్నాను. ఆమె తన వృత్తిలోంచి తనే పట్టుకొచ్చారు.

ఆ రోజు క్లాసంతా పొడవుల మీదే గడిపాం. పదహారు అక్షరాలను మూడు, మూడు, పది కింద విడదీయమన్నాను. కాసేపు నోటితో అనుకుని ఇలా వాయించారు:

స రి గ – రి గ రి – గ రి స రి గ గ రి గ రి స

అవే మూడు స్వరాలు. కానీ రెండు చిన్న మాటలు అని, మూడోసారి ఊపిరి తీసుకుని చెప్పదలుచుకున్నది పూర్తి చేసినట్టుంది. ఆ జంట గాంధారం (గ గ) దగ్గర ఆమె తల దానంతట అదే ఊగింది. తన వాయింపు తనకు నచ్చడం నేను మొదటిసారి చూశాను. ఆమె వెంటనే దాన్ని పుస్తకంలో రాసుకున్నారు. ఇప్పటికీ ఆ పుస్తకం నడుస్తోంది. అందులో భావాలు, డైరీలాంటివి ఏమీ ఉండవు, స్వరాలే. కొన్ని వారాల తర్వాత తిరిగి చూసుకుని సగం కొట్టేస్తారు. మిగిలిన సగంలోంచి కొత్తవి పుడతాయి.

ప్రేరణ ఎక్కడి నుంచి వస్తుందని పెద్దవాళ్లు చాలామంది అడుగుతారు. మనసు బాగున్న రోజున, వాన పడుతున్న సాయంత్రం అదే వస్తుందని ఎదురుచూస్తారు. నేను చూసినంతవరకు అది ముందు వాయించిన ముక్కలోంచి వస్తుంది. ఒక ముక్క వాయించాక చెవికి "ఇంకా ఏదో మిగిలింది" అనిపిస్తే, ఆ మిగిలినదే తర్వాతి ముక్క. మొదటి ముక్క పెట్టనివాళ్లకు రెండోది దొరకదు.

గమకం

మోహనంలో ప, ద చేర్చి ఐదు స్వరాలయ్యాక జరిగింది ఇది. రెండో మెట్టు మీద రిషభం (రి) పట్టి ఉండగా వేలు పక్కకు జారి తీగ సాగింది. రిషభం మెల్లగా పైకి పాకి దాదాపు గాంధారం దాకా వెళ్లి వచ్చింది. ఆమె అలవాటుగా క్షమాపణ చెప్పబోయారు. తాళం ఆపకుండా, "అదే మళ్లీ వాయించండి" అన్నాను.

వీణకు ప్రాణం అక్కడే ఉంది. మెట్టు మీద వేలు పెడితే వచ్చేది స్వరస్థానం మాత్రమే. అదే మెట్టు మీద తీగను లాగితే పై స్వరం దాకా వెళ్లొచ్చు, రెండింటి మధ్య ఊగొచ్చు, సగం దారిలో నిలబడొచ్చు. గాంధారాన్ని నాలుగో మెట్టు మీద నేరుగా మీటడం ఒక రకం, రెండో మెట్టు మీద లాగి పలికించడం ఇంకో రకం. రెండూ గాంధారమే, కానీ రెండోది ఎక్కడి నుంచి వచ్చిందో తనే చెబుతుంది. పాఠక్రమం ప్రకారం ఆమెకు గమకం, అంటే ఇలా స్వరాన్ని లాగి, ఊపి పలికించడం, ఇంకా చాలా దూరం. అయినా ఆ రోజే లాగడం నేర్పాను. చెవి అడిగినప్పుడు చేతికి ఇవ్వాలి. ఒక్క గాంధారానికే. ఎంత దూరం లాగాలో చెవితో చూసుకోవాలి. నాలుగో మెట్టు ముందు మీటి, ఆ శబ్దం చెవిలో ఉండగానే రెండో మెట్టు మీద లాగి దానికి కలపాలి. తక్కువ లాగితే శ్రుతి దిగినట్టు, ఎక్కువైతే కీచుమన్నట్టు వెంటనే తెలిసిపోతుంది. వేలు గాట్లు పడి నొప్పెడితే ఆ రోజుకి వదిలేయమన్నాను. కొన్ని వారాల పాటు ఆమె సొంత పది నిమిషాలు దాదాపు ఆ ఒక్క స్వరానికే పోయాయి. ఆ సమయం వృథా అయిందని నేను అనుకోను.

వినడం గురించి కూడా అప్పుడే పద్ధతి మార్చాం. రోజూ కొత్త కొత్త రికార్డింగులు వినేవారు. అది తగ్గించి, వీణ విద్వాంసులు ఈమని శంకరశాస్త్రి గారిని, ఆయన శిష్యుడు చిట్టిబాబు గారిని మాత్రమే కొన్నాళ్లు వినమన్నాను. శిష్యుడి మీటులో గురువు వినిపిస్తారు, అయినా ఇద్దరినీ ఒకరనుకోలేం. అనుకరిస్తే సొంతదనం పోతుందని ఆమెకు ఒక భయం ఉండేది. దాని గురించి నేను ఉపన్యాసం ఇవ్వాల్సిన పని లేకపోయింది. నచ్చిన ఒక చిన్న సంచారాన్ని (స్వరాల నడకను) పట్టుకుని, దాన్ని పాడి, వాయించి, చివరి రెండు స్వరాలు మాత్రం తనవి పెట్టుకోవడం అలవాటు చేసుకున్నారు.

పెద్దగా పని చేయనివి కూడా చెప్పాలి. మెట్రోనోమ్ యాప్ ఆమెకు సాయపడలేదు. దాని టిక్కు టిక్కుకు అందుకోవాలన్న ఆత్రంలో చెయ్యి మళ్లీ బిగుసుకుంది. తొడ మీద తాళం వేస్తూ స్వరం పాడి, ఆ నడకను లోపల పట్టుకుని వాయించడం మేలనిపించింది. ఇంట్లోవాళ్ల ముందు వాయించడం కూడా తొందరపాటే అయింది, ఆమే మానుకున్నారు. నేల మీద ఎక్కువసేపు బాసింపట్టు వేసుకుంటే మోకాళ్లు పట్టేసేవి. వీణను స్టాండు మీద పెట్టి కుర్చీలో కూర్చోవడం మొదలుపెట్టాక ఆ గొడవ తీరిపోయింది. పెద్దవాళ్లు ఈ విషయంలో మొహమాటపడాల్సింది ఏమీ లేదు.

ఇప్పుడు ఎక్కడ ఉన్నారు

మోహనంలో ఒక గీతం (చిన్న రచన) పూర్తిగా వాయిస్తారు. దాని చివర ఆది తాళంలో నాలుగు ఆవర్తనాల దాకా కల్పనాస్వరాలు (అప్పటికప్పుడు అల్లే స్వరాలు) వేస్తారు, రెండో కాలంలో (రెట్టింపు వేగంలో) కూడా. తప్పు పడితే ఆగరు. ఒక్కోసారి ఆ తప్పు స్వరాన్నే ఇంకోసారి మీటి, దాని మీదుగా దారి తిప్పుకుని షడ్జమానికి వస్తారు. పొడవుల పట్టు గట్టిగా ఉంది. ఈ విషయంలో వర్ణాలు (గీతాల తర్వాత వచ్చే పెద్ద రచనలు) వాయించే నా చిన్న శిష్యుల కంటే ఆమె ముందున్నారని నిజాయితీగా చెప్పగలను.

రానివీ ఉన్నాయి. మూడో కాలం అందలేదు. జంట వరుసలు వేగం పెంచితే రెండో మీటు బలహీనపడుతుంది. పక్కనున్న మూడు తాళపు తీగలను చిటికెన వేలితో సమయానికి మీటడం సొంత అల్లికలో మరిచిపోతారు, పాఠంలో మాత్రం గుర్తుంటుంది. వేగం విషయంలో ఇరవై ఏళ్ల చేతితో పోటీ పడేంత దూరం వెళ్తారని నేను అనుకోవడం లేదు. ఆమె కోరిన దానికి అది అవసరమూ కాదు. కానీ రెండో మీటు బలం మాత్రం రావాలి, ఇప్పుడు పాఠం సమయం ఎక్కువగా దానికే పెడుతున్నాం.

ఈ మధ్యే హంసధ్వని రాగంలోకి వచ్చాం. ముత్తుస్వామి దీక్షితుల తండ్రి రామస్వామి దీక్షితులు రూపొందించిన రాగంగా దీనికి పేరు. మోహనంలో ఉన్న ధైవతం (ద) తీసేసి పదకొండో మెట్టు మీది నిషాదం (ని) పెడితే చాలు, మిగతా స్వరాలు అవే. ఆ ఒక్క మార్పుకే మోహనంలో పేర్చుకున్న సంచారాలు చాలావరకు పనికిరాకుండా పోతాయి. ఆమె మొదటి రోజు పాత పుస్తకంలోంచి వాయించబోయి, ధైవతం ఉన్నచోటల్లా తడబడి, పుస్తకం మూసి పక్కన పెట్టేశారు. మళ్లీ మూడు స్వరాలు చాలు అన్నారు. ఈసారి స్వరాలు ఆమే ఎంచుకున్నారు: ప, ని, స. ఏడో మెట్టు, పదకొండో మెట్టు, పన్నెండో మెట్టు. నిషాదం నుంచి షడ్జమానికి ఒక్క మెట్టే దూరం కాబట్టి వాలడం తేలిక, పంచమం నుంచి నిషాదానికి పెద్ద అంగ. ఆ అంగను వేలు ఎత్తకుండా తీగ మీద జారుగా దాటాలని ఆమె ప్రయత్నం. ప్రస్తుతం వారంవారం ఆ జారు మీదే పని చేస్తున్నాం.